రాగి పోతలో గాలిరంధ్రాలు: బొగ్గు కప్పాలా, గాలికి వదలాలా?

ఆటోనగర్ పోతపని (విజయవాడ)

అందరికీ నమస్తే. మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫౌండ్రీ. ఇన్నాళ్ళూ ఇత్తడి, గన్‌మెటల్ (తగరం, జింకు కలిసిన కంచు) బుష్‌లే ఎక్కువగా పోసేవాళ్ళం. ఈమధ్య స్వచ్ఛమైన రాగి పని తీసుకున్నాం. ఎర్తింగ్ క్లాంపులు, సబ్‌స్టేషన్ కనెక్టర్లు, వెల్డింగ్ మెషీన్ల దవడలు పోస్తున్నాం. డీజిల్ బర్నర్ పెట్టిన గుంట కొలిమి, గ్రాఫైట్ క్రూసిబుల్ (లోహం కరిగించే మూస), ఒక కరుగుకి సుమారు 100 కిలోలు. అచ్చులు గ్రీన్ శాండ్ (బంకమట్టి, నీరు కలిపిన తడి ఇసుక). సరుకు మిల్‌బెర్రీ తీగ (పూత లేని శుభ్రమైన రాగి తీగ స్క్రాప్). దొరికినప్పుడు పాత ఏసీ పైపులు కూడా కలుపుతాం.

సమస్య ఏమిటంటే, పోత బయటికి నున్నగా ఉంటుంది. లేత్ మీద ఒక మిల్లీమీటరు తీయగానే పైపొర కింద పిన్‌హోల్స్ (సూదిమొనంత రంధ్రాలు) బయటపడతాయి. కొన్ని కరుగుల్లో రైజర్ (పోత కుంచించుకునేటప్పుడు లోహం అందించడానికి అచ్చులో పెట్టే అదనపు గుంట) లోపలికి కుంగాల్సింది పోయి పైకి ఉబ్బుతోంది. దీనికి తోడు వాహకత (కరెంటు పారనిచ్చే గుణం) తక్కువగా ఉందని పార్టీ సరుకు వెనక్కి పంపుతున్నాడు.

మా దగ్గర ఇద్దరు పెద్ద పనివాళ్ళున్నారు. మొదటినుంచీ బొగ్గు కప్పి, మంటని కాస్త పొగతో మెత్తగా పెట్టి, రాగికి గాలి సోకనివ్వకూడదని ఒకాయన అంటాడు. మంటలో గాలి ఎక్కువ పెట్టి, పైన ఏమీ కప్పకుండా వేగంగా కరిగించి, దించేముందు ఫాస్ఫర్ కాపర్ (ఆక్సిజన్‌ని తీసెయ్యడానికి వేసే, ఫాస్ఫరస్ కలిపిన రాగి) వెయ్యాలని రెండో ఆయన అంటాడు. ఇద్దరికీ జీవితమంతా కొలిమి దగ్గరే గడిచింది. ఎవరి మాట ఎందుకు వినాలో కారణంతో చెప్పండి. ఊరికే మా దగ్గర ఇలా చేస్తాం అంటే వాళ్ళిద్దరికీ నేను నచ్చజెప్పలేను.

కంచుపని (గుంటూరు)

తమ్ముడూ, బొగ్గే. మా ఇంట్లో గుడి గంటలు, కలశాలు తరతరాలుగా పోస్తున్నారు. కరిగిన రాగి గాలిని పీలుస్తుంది. పీల్చిన రాగి గడ్డకట్టాక పెళుసుగా ఉంటుంది, విరిచిచూస్తే లోపల ముదురు ఎరుపు తిరిగి ఉంటుంది. మంచి రాగి విరుపు లేత గులాబీ రంగులో, పట్టుకుచ్చు మెరుపుతో ఉంటుంది. బొగ్గు కప్పితే గాలి తగలదు, తగలకపోతే రాగి చెడదు. మీ రెండో ఆయన చెప్పేది చేతులారా రాగిని కాల్చుకోవడం. తర్వాత మందు వేసి బాగుచేసుకోవడం ఎందుకు? చెడగొట్టకుండా ఉంటే సరిపోతుంది కదా.

మెటలర్జీ పాఠాలు (విజయవాడ)

గుంటూరు పెద్దాయన విరుపు రంగు గురించి చెప్పింది నిజం. ఆ ముదురు ఎరుపు క్యూప్రస్ ఆక్సైడ్, అంటే ఆక్సిజన్‌తో కలిసిన రాగి. కానీ అక్కణ్ణించి ఆయన చేరిన తీర్పు డీజిల్ కొలిమికి వర్తించదు. ఎందుకో వివరంగా రాస్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. ఆ రంధ్రాల్లో ఉన్నది గాలి కాదు. గాలిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నైట్రోజన్, అది కరిగిన రాగిలో కరగదు. కరుగులోంచి వేరే గ్యాసుని తరిమెయ్యడానికి నైట్రోజన్‌నే ఊదేది అందుకే. రాగిలో కరిగి మనల్ని ఏడిపించేవి ముఖ్యంగా రెండు, హైడ్రోజన్, ఆక్సిజన్. గంధకం ఉన్న నూనెలు వాడితే సల్ఫర్ డయాక్సైడ్ మూడోది.

హైడ్రోజన్ సంగతి చూద్దాం. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఒక అట్మాస్ఫియర్ హైడ్రోజన్ కింద, ఆ వేడి దగ్గర 100 గ్రాముల ద్రవ రాగి సుమారు 5 నుంచి 6 ఘన సెంటీమీటర్ల హైడ్రోజన్‌ని కరిగించుకోగలదు. అదే రాగి గడ్డకట్టాక పట్టుకోగలిగింది సుమారు 2 మాత్రమే. మిగిలింది బయటికి రావాలి. ఈ అంకెలు చల్లటి గ్యాసు కొలతలో చెప్పేవి. కరిగే వేడి దగ్గర అదే గ్యాసు ఐదు రెట్లు వ్యాకోచించి ఉంటుంది. అంటే మూడున్నర ఘన సెంటీమీటర్ల తేడా అక్కడ 17 అవుతుంది. 100 గ్రాముల రాగి మొత్తం పరిమాణమే 11, 12 ఘన సెంటీమీటర్లు. లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించే గ్యాసు లోపల దాక్కుని ఉందన్నమాట. మన కొలిమిలో పూర్తి అట్మాస్ఫియర్ హైడ్రోజన్ ఉండదు కాబట్టి అంత పట్టదు. కానీ అందులో కొంచెం చాలు రైజర్ ఉబ్బడానికి. పైగా రాగి ఎంత వేడెక్కితే హైడ్రోజన్ అంత ఎక్కువ కరుగుతుంది. కరుగు కాగుతూ ఉండిపోతే నష్టమే.

ఆక్సిజన్ నడత వేరు. ద్రవ రాగిలో అది బాగా కరుగుతుంది, ఘన రాగిలో దాదాపు కరగదు. కానీ గడ్డకట్టేటప్పుడు అది గ్యాసుగా విడివడదు. చివర మిగిలిన ద్రవంలో చేరి, 1066 డిగ్రీల దగ్గర రాగితో కలిసి క్యూప్రస్ ఆక్సైడ్‌గా గడ్డకడుతుంది. కాబట్టి ఆక్సిజన్ ఒక్కటే ఉంటే గాలిరంధ్రం పడదు. పెళుసుదనం వస్తుంది, అది వేరే లోపం.

రెండూ కలిసి ఉన్నప్పుడే అసలు ప్రమాదం. రాగి గడ్డకడుతూ హైడ్రోజన్‌నీ, ఆక్సిజన్‌నీ మిగిలిన ద్రవంలోకి తోసేస్తుంది. అక్కడ రెండూ చిక్కబడి నీటి ఆవిరి అవుతాయి. నీటి ఆవిరి రాగిలో కరగదు, బుడగ కట్టక తప్పదు.

ఇప్పుడు మీ ఇద్దరు పనివాళ్ళ వాదనకీ కీలకం ఇది. కొలిమి వాతావరణంలో నీటి ఆవిరి ఉన్నంతసేపు, కరుగులోని హైడ్రోజన్, ఆక్సిజన్ కాటాలో రెండు తట్టల్లా ఉంటాయి. ఆక్సిజన్ ఎక్కువైతే హైడ్రోజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ తీసేస్తే హైడ్రోజన్ ఎక్కుతుంది. బొగ్గు ఆక్సిజన్‌ని తీసేస్తుంది. డీజిల్ మంట ఆవిరిని ఇస్తుంది. ఒక లీటరు డీజిల్ మండితే దాదాపు ఒక కిలో నీరు ఆవిరిగా పుడుతుంది. పొగ మంట అయితే విడి హైడ్రోజన్ కూడా ఉంటుంది. అలాంటి కొలిమిలో మొదటినుంచీ బొగ్గు కప్పి, మంట మెత్తగా పెట్టడమంటే రాగికి హైడ్రోజన్ పట్టించడమే. మీ రెండో ఆయనదే సరైన వరస. గాలి ఎక్కువున్న మంటతో వేగంగా కరిగించి హైడ్రోజన్‌ని బయటే ఆపాలి. చివర్లో, పోసేముందు మాత్రమే ఆక్సిజన్‌ని తీసెయ్యాలి.

కంచుపని (గుంటూరు)

మేష్టారూ, లెక్కలు బాగున్నాయి. మరి మా గంటల్లో రంధ్రాలు ఎందుకు పడలేదు? మేము ఎప్పుడూ బొగ్గుతోనే చేశాం. రంధ్రం పడిన గంట మోగదు, దాచుకోవడానికి కుదరదు. చేతిలో ఉన్న ఫలితాన్ని కాదని కాగితం మీది లెక్క ఎలా నమ్మాలి?

మెటలర్జీ పాఠాలు (విజయవాడ)

మీ ఫలితాన్ని నేను కాదనడం లేదండి. దానికి రెండు బలమైన కారణాలున్నాయి.

మీ కొలిమిలో మండేది ఏమిటి? కట్టెబొగ్గు గానీ, కోక్ (కాల్చిన రాతిబొగ్గు) గానీ అయ్యుంటుంది. బాగా కాలిన బొగ్గులో దాదాపు అంతా కార్బనే. అది మండితే కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి, నీరు చాలా తక్కువ. డీజిల్‌లో బరువులో ఏడో వంతుకు దగ్గరగా హైడ్రోజన్ ఉంటుంది. ఎల్పీజీలో ఇంకా ఎక్కువ, కిలో గ్యాసుకి కిలోన్నర పైన నీరు. మీ పెద్దవాళ్ళ పద్ధతి వాళ్ళ కొలిమికి సరిగ్గా సరిపోయింది. కొలిమి కింద ఇంధనం మారింది, పైన బొగ్గు కప్పే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆటోనగర్‌లో జరుగుతున్నది ఇదే.

రెండోది, మీరు పోసేది కంచు. గంట కంచులో సుమారు 20 నుంచి 22 శాతం తగరం ఉంటుంది. అది 900 డిగ్రీల లోపే పూర్తిగా కరుగుతుంది. వేడి తక్కువ, దానికి తోడు తగరం ఉంటే హైడ్రోజన్ కరిగే శక్తి కూడా తగ్గుతుంది. ఇత్తడిలో ఇంకో రక్షణ ఉంది. జింకు 907 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి దాని ఆవిరి పైకి వస్తూ హైడ్రోజన్‌ని ఊడ్చుకుపోతుంది. ఆటోనగర్ తమ్ముడు ఇన్నాళ్ళూ ఇత్తడి పోసినప్పుడు ఈ బాధ లేకపోవడానికి కారణం అదే. స్వచ్ఛమైన రాగికి ఈ రెండు కాపలాలూ లేవు. (ఇత్తడి కరుగులోంచి లేచే తెల్లటి జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, ఇత్తడి పోసేవాళ్ళు దాన్ని మామూలే అని వదిలెయ్యకండి.)

కంచుపని (గుంటూరు)

మాది కోక్ కొలిమే. ఇంధనం మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు, ఆ భాగం ఒప్పుకుంటాను. కానీ బొగ్గు తప్పు అనే మాట మాత్రం ఒప్పుకోను.

ఇండక్షన్ ఫర్నేస్ (కొండపల్లి)

నేనూ బొగ్గు పక్షమే, కోక్ కొలిమి కూడా కాదు. మా దగ్గర కరెంటు ఇండక్షన్ ఫర్నేస్. కాథోడ్ రాగి (కరెంటుతో శుద్ధి చేసిన రాగి పలకలు) వేసి, పైన మందంగా బొగ్గు కప్పి పోస్తాం. ఉబ్బడం, రంధ్రాలు మాకు చాలా అరుదు. ఫాస్ఫరస్ అసలు వాడం. కాబట్టి ముందు ఆక్సిజన్ పట్టించి తర్వాత తీసెయ్యాలన్న నియమాన్ని అందరికీ రుద్దకండి. మా ఫర్నేస్‌లో మంటే లేదు, ఆవిరి ఎక్కణ్ణించి వస్తుంది?

కాకపోతే బొగ్గు గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను. గోనె సంచిలోంచి తీసిన బొగ్గుని నేరుగా కరుగు మీద వేస్తే మీరు వేసింది నీళ్ళే. బొగ్గు గాల్లో తేమని బాగా పీలుస్తుంది. కృష్ణ పక్కన ఉన్నాం, వానాకాలం మన గాలి ఎలా ఉంటుందో తెలుసు కదా. మేము బొగ్గుని విడిగా ఎర్రగా కాల్చి, ఆ వేడి మీదే వేస్తాం. కాథోడ్‌లు కూడా కొలిమి అంచు మీద పెట్టి కాచి గానీ వెయ్యం. వాటి మీది బుడిపెల సందుల్లో శుద్ధి తొట్టిలోని ద్రావణం (ఎలక్ట్రోలైట్) చిక్కుకుని ఉంటుంది.

మెటలర్జీ పాఠాలు (విజయవాడ)

కొండపల్లి వారి మాట నా వాదనకి అడ్డు కాదు, బలం. ఆవిరి లేని చోట కాటాకి రెండో తట్టే లేదు. అక్కడ పొడి బొగ్గు ఆక్సిజన్‌ని తీసి ఊరుకుంటుంది, లోపలికి రావడానికి హైడ్రోజన్ ఉండదు. ప్రశ్న బొగ్గు మంచిదా చెడ్డదా అన్నది కాదు. ఆ కరుగు చుట్టూ నీరు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

మోటారు వైండింగ్ (విజయవాడ, వన్ టౌన్)

అందరూ రంధ్రాల గురించే మాట్లాడుతున్నారు. వాహకత తగ్గిందని ఆయన మొదటి పోస్టులోనే రాశాడు కదా, అది ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఆ భాగమే ముఖ్యం. కనెక్టర్ వేడెక్కితే కాలేది మా మోటార్లు.

రాగి వాహకతకి 1913లో అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు. 20 డిగ్రీల దగ్గర మీటరుకి 58 మెగా సీమెన్స్ ఉంటే 100 శాతం. తీగలకి వాడే రాగిలో 0.02 నుంచి 0.04 శాతం ఆక్సిజన్ ఉంటుంది, అయినా అది 100 శాతం దాటుతుంది. ఇనుములాంటి మలినాలని ఆక్సిజన్ ఆక్సైడ్‌గా కట్టిపడేస్తుంది, అవి రాగిలో కరిగి అడ్డుపడకుండా. అంటే కరెంటు దృష్టిలో కొంచెం ఆక్సిజన్ శత్రువు కాదు.

ఫాస్ఫరస్ మాత్రం శత్రువే. ఏసీ, ఫ్రిజ్ పైపుల రాగిలో కావాలనే 0.015 నుంచి 0.04 శాతం ఫాస్ఫరస్ ఉంచుతారు, బ్రేజింగ్ (మంటతో అతుకు వెయ్యడం) చేసినప్పుడు పగలకుండా. ఆ రాగి వాహకత 75 నుంచి 90 శాతం మధ్య ఉంటుంది. మీరు ఆ పైపులే కరుగులో కలుపుతున్నారు, పైన మళ్ళీ ఫాస్ఫర్ కాపర్ వేస్తున్నారు. పార్టీ సరుకు వెనక్కి పంపక ఏం చేస్తాడు? ముందు ఏసీ పైపులు పక్కన పెట్టండి, అవి గన్‌మెటల్‌కి వాడుకోండి.

ఇంకో మాట, ఇది మా పక్క షాపులవాళ్ళ కోసం. ఆక్సిజన్ ఉన్న తీగ రాగిని, బస్‌బార్‌ని గ్యాస్ ఎక్కువున్న మెత్తటి మంటతో బ్రేజింగ్ చెయ్యకండి. ఘన రాగిలోకి కూడా హైడ్రోజన్ దూరి, లోపలి ఆక్సైడ్‌తో కలిసి ఆవిరై, గింజల అంచుల దగ్గర చీలుస్తుంది. పైకి బాగానే ఉంటుంది, వంచితే విరుగుతుంది. పైపు రాగిలో ఫాస్ఫరస్ పెట్టేది ఇందుకే.

ఆటోనగర్ పోతపని (విజయవాడ)

ఏసీ పైపుల మాట మాకు ఎవరూ చెప్పలేదన్నా, చాలా థాంక్స్. ఫాస్ఫర్ కాపర్ మా వాళ్ళు చేతి అంచనాతో వేస్తారు, ఒక్కోసారి కరుగుకి అర కిలో దాకా. అది 15 శాతం రకం. మేష్టారూ, ఎంత వెయ్యాలి?

మెటలర్జీ పాఠాలు (విజయవాడ)

అర కిలో చాలా ఎక్కువ. లెక్క చూడండి. 100 కిలోల రాగిలో 0.02 శాతం ఆక్సిజన్ అంటే 20 గ్రాములు. దాన్ని ఫాస్ఫరస్ పెంటాక్సైడ్‌గా తీసెయ్యడానికి కావలసిన ఫాస్ఫరస్ పదిహేనున్నర గ్రాములు. 15 శాతం రకంలో అది సుమారు 100 గ్రాముల ముక్క. మీరు అర కిలో వేస్తే 75 గ్రాముల ఫాస్ఫరస్ వెళ్తుంది. ఖర్చు కానిదంతా రాగిలోనే ఉండిపోతుంది, 0.06 శాతం దాకా. వైండింగ్ అన్న భయపడేదానికన్నా అది ఎక్కువ.

వాహకత ముఖ్యమైన పోతలకి ఫాస్ఫరస్‌తో పని పూర్తి చెయ్యకూడదు. ఎక్కువ భాగం ఆక్సిజన్‌ని కొద్ది ఫాస్ఫరస్‌తో తీసి, మిగిలిన కొసరుని లిథియం, కాల్షియం బోరైడ్, బోరాన్ ఉన్న రాగి వీటిలో ఒకదానితో తీస్తారు. ఇవి కొద్దిగా మిగిలినా వాహకతని ఫాస్ఫరస్ అంతగా దెబ్బతియ్యవు. లిథియం హైడ్రోజన్‌ని కూడా పట్టుకుంటుంది, కానీ అది తేమ తగిలితే పాడవుతుంది. రాగి గొట్టంలో మూసి ఉన్నదే కొని, పొడిగా దాచి, ఒక్క మునకలో అడుగుదాకా ముంచాలి.

ఇసుక అచ్చులు (తెనాలి)

మీరంతా కొలిమి చుట్టూనే తిరుగుతున్నారు. ఆయన మొదటి పోస్టు మళ్ళీ చదవండి. పిన్‌హోల్స్ పైపొర కింద, ఒక మిల్లీమీటరు లోతులో ఉన్నాయన్నాడు. కరుగులోనే హైడ్రోజన్ నిండి ఉంటే రంధ్రాలు మందమైన చోట్ల, చివర గడ్డకట్టే చోట్ల ఎక్కువ ఉండాలి, మొత్తం కండలో కనపడాలి. అచ్చు గోడ పక్కనే వరసగా ఉన్నాయంటే ఆ గ్యాసు ఇసుకలోంచి వచ్చింది.

గ్రీన్ శాండ్‌లో నాలుగైదు శాతం నీరు ఉంటుంది. దాన్ని తప్పించలేం, కానీ దానికి మించితే ముప్పే. వానాకాలంలో షెడ్డు బయట పోసిన ఇసుకని చేత్తో పిసికి ముద్ద కట్టింది, చాలు అనుకునే చోట్ల ఏడెనిమిది శాతం ఉన్నా ఆశ్చర్యం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు మాకు తెలిసినవాళ్ళ ఇసుక గుట్టలు, క్రూసిబుళ్ళు కూడా తడిసిపోయాయి. ఇసుకని తిరగేసి ఆరబెట్టడం అందరికీ తోచింది. క్రూసిబుళ్ళని నెమ్మదిగా కాచి ఎర్రబార్చాలని తోచక, పైపైన ఆరిందని నేరుగా పెట్టినచోట వారాల తరబడి పోతలు ఉబ్బాయి, కొన్ని క్రూసిబుళ్ళు పగిలాయి.

ఇక ఫాస్ఫరస్ విషయం. అది ఎక్కువైతే వాహకత ఒక్కటే కాదు పోయేది. మిగిలిపోయిన ఫాస్ఫరస్ అచ్చులోని నీటి ఆవిరిని విడగొడుతుంది. ఆక్సిజన్‌ని తను తీసుకుంటుంది, హైడ్రోజన్ రాగిలోకి పోతుంది. గోడ పక్కనే గడ్డకట్టే పొరలో ఆ హైడ్రోజన్ పిన్‌హోల్ అవుతుంది. మీ రంధ్రాలు ఎక్కడున్నాయో, మీరు వేసే అర కిలో మందు ఏం చేస్తుందో, రెండూ సరిగ్గా కలుస్తున్నాయి. రంధ్రం పడిందని మందు పెంచారేమో, పెంచినకొద్దీ రంధ్రాలు పెరిగి ఉంటాయి.

కంచుపని (గుంటూరు)

తెనాలి అబ్బాయి చెప్పింది విలువైన మాట. మేము పెద్ద గంటల అచ్చులు మట్టితో చేసి, నిప్పుతో ఎండబెట్టి, వెచ్చగా ఉండగానే పోస్తాం. తడి ఇసుకలో రాగి పొయ్యడమే నాకు మొదటినుంచీ నచ్చదు. ఆ క్లాంపులు చిన్నవే కదా, అచ్చు పైపొరనైనా గ్యాస్ టార్చితో ఆరబెట్టి పొయ్యండి.

ఇంకొకటి అడుగుతాను. మా నాన్నగారు రాగి మాత్రమే పోసేటప్పుడు కరుగులో పచ్చి వేపకర్ర తిప్పేవారు. కరుగు కుతకుత ఉడికి, తర్వాత నెమ్మదించేది. దాని వల్ల రాగి మెత్తబడుతుందని అనేవారు. పచ్చి కర్ర నిండా నీరే. మేష్టారి లెక్క ప్రకారం రాగి చెడిపోవాలి కదా. మరి ఎందుకు బాగుపడేది?

మెటలర్జీ పాఠాలు (విజయవాడ)

ఈ ప్రశ్నకి సమాధానం రాగి శుద్ధి చేసేవాళ్ళ పాత అనుభవంలోనే ఉంది. పెద్ద కొలిముల్లో రాగిని ముందు గాలితో బాగా ఆక్సీకరించి, గంధకం, ఇతర మలినాలు పోయాక, పచ్చి దుంగలు ముంచేవాళ్ళు. కర్రలోంచి వచ్చే వాయువులు ఆక్సిజన్‌ని తీసేవి, కుతకుత వల్ల కరుగు కలియబడేది. ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి మధ్య మధ్యలో చిన్న ముద్ద పోసి దాని పైముఖం చూసేవాళ్ళు. గుంట పడితే ఆక్సిజన్ ఇంకా ఎక్కువ ఉన్నట్టు. సమంగా ఉంటే సరైన పాకం. పైకి ఉబ్బితే కర్ర ఎక్కువైపోయినట్టు. ఆ ఉబ్బేది ఎందుకు? ఆక్సిజన్ మరీ తగ్గి, ఆ చోట్లోకి హైడ్రోజన్ వచ్చింది కాబట్టి. నేను చెప్తున్న కాటా ఇదే, హైడ్రోజన్ పేరు లేకుండా వాళ్ళు చూపుతో తూచారు. మీ నాన్నగారు కర్రని ఎప్పుడు తీసెయ్యాలో ఎరిగినవారు, అందుకే బాగుపడేది. ఆయన మెత్తబడుతుంది అన్నది క్యూప్రస్ ఆక్సైడ్ తగ్గడం.

సమంగా నిలిచే ముద్దలో ఇంకో కిటుకు ఉంది. రాగి గడ్డకట్టేటప్పుడు నాలుగైదు శాతం కుంచించుకుపోతుంది. కొద్దిగా ఆవిరి బుడగలు పుట్టి ఆ లోటుని పూడుస్తాయి కాబట్టే పైముఖం సమంగా నిలుస్తుంది. తర్వాత రోలింగ్‌లో ఆ బుడగలు మూసుకుపోతాయి. తీగ లాగే దిమ్మకి అది చెల్లుతుంది. మీ కనెక్టర్‌కి రోలింగ్ లేదు, బుడగ బుడగలాగే ఉండిపోతుంది. మీకు కావలసింది సమంగా నిలిచే రాగి కాదు, రైజర్ శుభ్రంగా లోపలికి కుంగే రాగి. అలా కుంగితే ఆ లోటు పూడ్చడానికి రైజర్ పెద్దదిగా పెట్టాలి. గ్యాసు లేని రాగి పోసి, ఉబ్బే రాగికి పెట్టిన చిన్న రైజరే ఉంచితే, ఈసారి కుంచింపు గుంటలు పడతాయి, మళ్ళీ గ్యాసే అనుకుంటారు. గ్యాసు రంధ్రం గుండ్రంగా, లోపలి గోడ నున్నగా ఉంటుంది. కుంచింపు గుంట గరుకుగా, కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. భూతద్దంలో తేడా తెలిసిపోతుంది.

వేపకర్ర మాత్రం ఆటోనగర్‌లో వద్దు. తడి వస్తువు కరిగిన రాగి లోపలికి పోతే పేలుడు లాంటి ఎగజిమ్ముడు వస్తుంది. అనుభవం ఉన్న చెయ్యి లేకుండా ఆ పని ఎవరూ చెయ్యకూడదు. అదే కారణంతో చల్లటి గరిటెలు, కలిపే కడ్డీలు కూడా కాచి గానీ ముంచొద్దు.

మోటారు వైండింగ్ (విజయవాడ, వన్ టౌన్)

నాకో సందేహం. వానాకాలంలోనే ఈ బాధ ఎక్కువని ఆటోనగర్‌లో చాలామంది అంటారు. బ్లోయర్ లాగే గాలిలోని తేమ వల్లేనా?

మెటలర్జీ పాఠాలు (విజయవాడ)

కొంత వరకే. లీటరు డీజిల్‌కి పదీ పదకొండు ఘనమీటర్ల గాలి కావాలి. 30 డిగ్రీల దగ్గర బాగా చెమ్మగా ఉన్న గాలిలో ఘనమీటరుకి 25 గ్రాముల పైన నీరు ఉంటుంది. అంటే లీటరుకి పావు కిలో పైచిలుకు గాలిలోంచి వస్తుంది, ఒక కిలో డీజిల్‌లోంచే పుడుతుంది. మే నెలలో కూడా ఆ కిలో ఎక్కడికీ పోదు. వానాకాలం తేడా ఎక్కువగా కనపడేది ఇసుకలో, బొగ్గులో, క్రూసిబుల్‌లో, తుప్పుపట్టిన తడి స్క్రాప్‌లో. తెనాలి వారు చెప్పిన చోట్లే వెతకండి.

పాత ఇంజిన్ ఆయిల్ కలిపి మండించేవాళ్ళుంటే మానెయ్యండి. ఇప్పటి బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి మించదు, పాత ఆయిల్‌కి ఆ హామీ లేదు. గంధకం రాగిలో చేరితే గడ్డకట్టేటప్పుడు ఆక్సిజన్‌తో కలిసి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, అదీ బుడగే. శుద్ధి చెయ్యని బ్లిస్టర్ రాగి మీద బొబ్బలు దాని వల్లే.

ఆటోనగర్ పోతపని (విజయవాడ)

మా ఇద్దరు పెద్దవాళ్ళకీ ఇదంతా చదివి వినిపించాను. మొదటాయన కోక్ కొలిమి మీద పని నేర్చుకున్నవాడే. డీజిల్‌లో నీరు పుడుతుందన్న చోట మళ్ళీ చదవమన్నాడు. అయినా కరుగుని చివర్లో ఏమీ కప్పకుండా వదలడానికి ఆయన మనసు ఒప్పుకోవడం లేదు.

ఈ వరసలో చేద్దామనుకుంటున్నాం. ఏసీ పైపులు పూర్తిగా ఆపేస్తాం. తీగని కొలిమి అంచున కాచి వేస్తాం. మంటలో గాలి కొంచెం ఎక్కువ పెట్టి, పైన ఏమీ కప్పకుండా వేగంగా కరిగించి, 1200 డిగ్రీలు దాటనివ్వం. బర్నర్ ఆపి క్రూసిబుల్ బయటికి తీశాక ఫాస్ఫర్ కాపర్ 100 గ్రాములు తూచి ముంచుతాం. ఇసుక పైపొర టార్చితో ఆరబెడతాం, రైజర్ పెంచుతాం. పొయ్యబోయేముందు చిన్న అచ్చులో ఒక ముద్ద పోసి, కుంగుతుందా ఉబ్బుతుందా చూస్తాం. ఉబ్బితే ఆ కరుగు క్లాంపులకి పొయ్యం, దిమ్మలు పోసి పక్కన పెడతాం.

ఇందులో బొగ్గుకి ఎక్కడైనా చోటుందా? ఆయన కోసం అడుగుతున్నాను.

మెటలర్జీ పాఠాలు (విజయవాడ)

ఉంది. బర్నర్ ఆపి, క్రూసిబుల్ బయటికి తీశాక, ఎర్రగా కాల్చిన బొగ్గుని పైన పరవమనండి. అప్పుడు చుట్టూ మంట ఆవిరి లేదు. మీరు ఫాస్ఫరస్‌తో తీసిన ఆక్సిజన్ పోసేలోపు మళ్ళీ ఎక్కకుండా అది కాపాడుతుంది. ఆక్సిజన్ తగ్గించాక కరుగుని నిలబెట్టకుండా పోసెయ్యాలి, అంతే.

కంచుపని (గుంటూరు)

అలాగైతే నాకు అభ్యంతరం లేదు. బొగ్గు తుమ్మ బొగ్గు వాడండి, గట్టిగా ఉంటుంది, పొడి రాలదు. పోసేటప్పుడు చిట్టెంతో పాటు వెనక్కి పట్టుకోవాలి, అచ్చులోకి జారనివ్వొద్దు. ఫాస్ఫరస్ తగ్గించి బోరాన్‌తో పూర్తి చేసే సంగతి కూడా చూడండి. 100 గ్రాములతో వాహకత సరిపోతుందో లేదో నాకు నమ్మకం కుదరలేదు.

మోటారు వైండింగ్ (విజయవాడ, వన్ టౌన్)

సరిపోతుందో లేదో కొలిచి తేలుద్దాం. మొదటి కరుగులోంచి ఒక చదరపు కడ్డీ విడిగా పోసి, నాలుగు వైపులా మిల్లింగ్ చేయించి పంపండి. పాత సరుకులోంచి అదే కొలతకి ఇంకోటి. మా దగ్గర మైక్రో ఓమ్ మీటరు ఉంది. రెండిటికీ రెసిస్టెన్స్ తీసి, అంకెలు ఇక్కడే పెడతాను. కడ్డీలో రంధ్రాలుంటే రీడింగ్ తప్పుగా వస్తుంది కాబట్టి ముందు తూచి, సాంద్రత చూసి కొలుస్తాను. మంచి రాగి ఘన సెంటీమీటరుకి 8.9 గ్రాముల పైన తూగాలి. అంతకన్నా బాగా తగ్గితే మిగతా కొలతలు అనవసరం, మళ్ళీ పోసి పంపండి.